లైనాయన తీసుకున్న సంతకాలు

సంతకం లేనిదే ఎవరి తీగనూ తెంపకూడదన్నది లైనాయన పెట్టుకున్న నియమం. ఎవరో నేర్పితే వచ్చింది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. టెలిఫోను శాఖలో లైన్‌మాన్‌గా చేరిన మూడో ఏట, పై అధికారి నోటిమాట నమ్మి ఒక ఇంటి కనెక్షను తీసేశాడు. అధికారి చెప్పిన నంబరు తప్పు. ఆ వారంలోనే ఆ ఇంటి పెద్దకు గుండెనొప్పి వచ్చింది. డాక్టరుకు ఫోను చేద్దామంటే ఫోను మూగబోయి ఉంది. ప్రాణం దక్కింది గాని ఫిర్యాదు పైదాకా వెళ్లింది. "నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు అధికారి. నాలుగు నెలల సస్పెన్షను లైనాయనకు మిగిలింది. తిరిగి పనిలో చేరిన రోజు నుంచి చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం, ఒక పెన్ను. తెంపమన్నవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, సంతకం పెట్టాకే కటింగ్ ప్లయరు బయటికి తీసేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఎడమ అరచేతిలో నిచ్చెన జారినప్పటి కుట్ల మచ్చ. అసలు పేరు ఉండే ఉంటుంది. మా వీధుల్లో ఎవరికీ దానితో పనిపడలేదు.

శాఖలో మనుషుల్ని తగ్గిస్తున్నప్పుడు ముందుగానే పదవీ విరమణ తీసుకుని, చేతికొచ్చిన మొత్తంతో నెట్టు వ్యాపారం మొదలుపెట్టాడు. ఒక టోకు సంస్థ దగ్గర నెట్టు తీసుకుని, ఎనిమిది వీధుల్లో ఇళ్లకు తీగలు లాగి ఇచ్చేవాడు. "కిరాణా కొట్టు వ్యవహారమే సార్. బస్తాల్లో తెస్తాం, పొట్లాల్లో ఇస్తాం" అనేవాడు. ఇంటి ముందు గదే ఆఫీసు. అందులో ఒక మూల ఇళ్లకు నెట్టు పంచే మిషను, దాని ఎదురుగా బల్ల, బల్ల మీద ఫోను, ఫోను దగ్గర ఆయన భార్య. ఆవిడ గొంతు విని ఇల్లు చెప్పేది. "మీరు మూడో వీధి చివరి మేడ కదూ? మీ పిల్లి మళ్లీ తీగ కొరికి ఉంటుంది, ముందు సోఫా వెనక చూడండి" అనేది. చూస్తే అదే. స్తంభాలెక్కే పని ఆవిడ తమ్ముడిది. నలభై దాటిన మనిషి. బావతో రోజుకు పదిసార్లు వాదిస్తాడు, బావ చెప్పిన పని పదకొండోసారికి చేస్తాడు.

ఆ సేవలో లోపాల్లేవని నేననను. గాలి గట్టిగా వీస్తే సగం వీధులకు నెట్టు పోయేది. సాయంత్రం అందరూ ఒకేసారి తెరిస్తే వేగం నత్తనడకే. అయితే ఫోను చేసిన రెండు గంటల్లో ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవారు. ఆరువందల పైచిలుకు ఇళ్లు ఆ నమ్మకం మీదే ఆయన దగ్గర ఉన్నాయి.

అప్పుడు కంపెనీ వచ్చింది. దేశమంతా తీగలు పరిచిన పెద్ద కంపెనీ. ఆరు నెలలు ఉచితం, ఆపైన లైనాయన ధరకన్నా తక్కువ, వేగం నాలుగింతలు. వేగం మాట నిజం, నేను వాడి చూశాను. ఇళ్లవాళ్లతో మాట్లాడేకన్నా ముందు వాళ్లు అపార్ట్‌మెంట్ల సంఘాలతో మాట్లాడారు. మా భవనం మూడు బ్లాకులు, తొంభై ఆరు ఇళ్లు. కింది హాలుకు రంగులు వేయిస్తామన్నారు, గేటు దగ్గర కెమెరాలు పెడతామన్నారు. సంఘం సరేనంది.

ఇక్కడ డక్టు అంటే ఏమిటో చెప్పాలి. ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్కన ఒక సన్నని తలుపు ఉంటుంది. దాని వెనక కింది నుంచి పైదాకా నిలువునా బావిలాంటి ఖాళీ. ఏ తీగైనా దానిగుండానే ఇళ్లలోకి వెళ్లాలి. ఆ తాళంచెవి ఎవరి మాట వింటే, ఆ భవనంలో వ్యాపారం వారిది.

నెలాఖరుకల్లా డక్టులోంచి పాత తీగలు తీసేస్తారని మా సంఘం కార్యదర్శి అందరికీ చెప్పాడు. ఎలాగూ పోయేదే గదా అని నేనూ కంపెనీకి మారాను. రెండు రోజులకు లైనాయన తనే స్వయంగా వచ్చాడు, చేతిలో కాగితంతో.

"తప్పుగా అనుకోకండి సార్. ఇక్కడొక సంతకం."

"మానుకునేది నేను. మీకెందుకండీ మొహమాటం?"

"మొహమాటం కాదు సార్. రేపు మీరే వచ్చి 'నన్నడక్కుండా ఎందుకు తీశావయ్యా' అంటే నా గతేంటి? ఒకసారి కాలింది చెయ్యి."

అచ్చు వేయించిన కాగితం. నాలుగే వాక్యాలు. ఇకపై మీ కనెక్షను నాకు అవసరం లేదు. నా ఇష్టప్రకారమే మానుకుంటున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. మీ సేవ మీద నాకు ఫిర్యాదు లేదు. నేను ఎందుకు మానుకుంటున్నానో ఆ కాగితం అడగలేదు. నేనూ చెప్పలేదు. సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని మడతపడకుండా ఫైల్లో పెట్టుకుని, రౌటరు డబ్బా విప్పి తీసుకుని, అది ఉన్నచోట గోడకు పడిన మరక తుడిచి వెళ్లాడు.

ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల పదకొండు భవనాల్లో ఇదే జరిగింది. పాత కనెక్షను ఉంచుకోవాలనుకున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకోసం వెళ్తే డక్టు తాళం ఇచ్చేవారు కాదు. ఒక భవనంలో ఆయన తీగల్ని 'శుభ్రత కోసం' కత్తిరించి చుట్ట చుట్టి వాచ్‌మన్ గదిలో పడేశారు. ఆ చుట్టను భుజాన వేసుకుని లైనాయన నా దగ్గరికి వచ్చాడు.

"వ్యాపారంలో ఓడిపోతే ఓడిపోయానని ఒప్పుకుంటాను సార్. కానీ పరుగు పందెంలోకి రానివ్వకుండా గేటు వేస్తే అది ఓడిపోవడమా?"

ప్రశ్న సబబైనదే. సంఘం సభ్యుడిగా నాకు హక్కుంది కాబట్టి ఒప్పందం ప్రతి అడిగాను. పద్నాలుగు పేజీల ఇంగ్లిషు. తొమ్మిదో పేజీలో ఉంది అసలు సంగతి: ఏడేళ్లపాటు మరే సంస్థ తీగనూ ఈ డక్టులోకి సంఘం అనుమతించకూడదు.

"ఇది చదివే సంతకం పెట్టారా?" అని కార్యదర్శిని అడిగాను.

"చదివాను సార్. మొదటి పేజీ అక్షరం వదలకుండా చదివాను."

"ఇది తొమ్మిదో పేజీ."

"తొమ్మిదో పేజీ దాకా వెళ్లేలోపు వాళ్లు పెయింటు రంగుల పుస్తకం తెచ్చి ముందు పెట్టారు సార్. అక్కడ ఒక గంట పట్టింది" అన్నాడు. చెడ్డవాడు కాదు. హాలుకు మంచి రంగే ఎంచాడు.

ఇలాంటివి జరగకుండా చూడడానికే టెలికాం నియంత్రణ సంస్థ ఉంది. డక్టు అందరికీ ఒకే షరతుల మీద తెరిచి ఉండాలని, ఒక్కరికే రాసివ్వకూడదని నిబంధన కూడా ఉంది. ఫిర్యాదు రాయడానికి వాళ్లింటి ముందు గదిలో కూర్చున్నాం. ఇలాంటి కాగితాలు రాయడం వచ్చినవాణ్ణి గనక రాసే పని నాది. రెండు కోరికలు. ఒకటి, పదకొండు భవనాల డక్టులూ తెరిపించాలి. రెండు, విచారణ ముగిసేదాకా కంపెనీ ఆ డక్టుల్లో కొత్తగా ఏమీ వేయకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వాలి. ఈ రెండోదే కీలకం. విచారణలకు కాలం పడుతుంది, చిన్న వ్యాపారానికి ఊపిరి అంతసేపు నిలవదు.

"బావా, కొండతో పొట్టేలు ఢీకొంటే కొమ్ములు ఎవరివి ఊడతాయంటావ్?" అన్నాడు బావమరిది.

"కొమ్ములుంటే గదరా ఊడడానికి."

"ఇద్దరికీ ఉన్నదల్లా నోరే. సార్‌ని రాసుకోనివ్వండి" అంది ఆవిడ, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి.

ఫిర్యాదు పూర్తయ్యాక లైనాయన లోపలికి వెళ్లి లావుపాటి ఫైలు తెచ్చాడు. వీధుల వారీగా, తేదీల వారీగా సర్దిన కాగితాలు.

"ఇవి కూడా జతచేయండి సార్. మూడువందల పద్దెనిమిది మంది. పోయేటప్పుడు కూడా ఒక్కరంటే ఒక్కరు నా పని బాగాలేదని రాయలేదు. మనం ఏపాటి సేవ చేశామో వాళ్లకు తెలియాలా వద్దా?"

పని చేతకాక ఓడిపోయి ఏడుస్తున్నాడని కంపెనీ అంటుందని ఆయన భయం. ఆ భయం నాకూ ఉంది. కాగితాలు తిరగేశాను. ఫిర్యాదు లేదన్న నాలుగో వాక్యం దగ్గర నా కళ్లు ఆగాయి, రెండో వాక్యం దగ్గర ఆగలేదు. జతచేయమన్నది ఆయన, వద్దనకుండా ఉన్నది నేను. ఈ బాధ్యతలో ఎవరి వాటా ఎంతో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

మధ్యంతర ఉత్తర్వు మీద వాదన ఒక ఉదయం జరిగింది. చిన్న గది, పొడవాటి బల్ల. బల్ల చివర విచారణాధికారి, తల నెరిసిన, తొందరపడని మనిషి. కంపెనీ తరఫు వకీలు వయసులో చిన్నమ్మాయి, మాటలో మర్యాద తప్పలేదు. లైనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ ఫైలు మీరే దాఖలు చేశారు కదండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నేనేనమ్మా."

"ఇందులో మాటలు ఎవరు రాశారు?"

"నేనే. అచ్చు వేయించింది కూడా నేనే."

"రెండో వాక్యం చదువుతారా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "నా ఇష్టప్రకారమే మానుకుంటున్నాను."

"మూడోది?"

"ఇందులో ఎవరి బలవంతమూ లేదు."

"ఇలాంటివి మొత్తం ఎన్నండీ?"

"మూడువందల పద్దెనిమిది" అన్నాడు లైనాయన. అప్పటికి కూడా గొంతులో కొంచెం గర్వం ఉంది. చెప్పడం పూర్తయ్యాక గాని ఆయనకు అర్థం కాలేదు. కళ్లజోడు తీసి నావైపు చూశాడు.

ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. అధికారే అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే: "డక్టు మూసేస్తున్నారు కాబట్టి మానుకుంటున్నామని వీళ్లలో ఎవరైనా మీతో అన్నారా?"

"అందరూ అన్నారు సార్."

"కాగితం మీద?"

లైనాయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది తీగ తియ్యడానికి తీసుకున్న కాగితం సార్. ఎందుకు తియ్యమంటున్నారో నేనెప్పుడూ అడగలేదు. అడగడం బాగుండదు కదా."

నేను సాక్షిగా నిలబడి, నాకు కార్యదర్శి ఏం చెప్పాడో చెప్పాను. అధికారి ఫైలు తిరగేసి ఒక కాగితం నా ముందుంచాడు. "ఈ సంతకం మీదేనా?" నాదే. "ఎవరి బలవంతమూ లేదని అప్పుడు రాసిచ్చారు. ఇప్పుడు ఉందంటున్నారు. ఏది తీసుకోమంటారు?" అప్పుడు చదవకుండా పెట్టానన్నాను. నిజమే చెప్పాను గాని, ఆ నిజం ఎవరికీ పనికొచ్చేది కాదు.

మధ్యంతర ఉత్తర్వు రాలేదు. ఒప్పందం తప్పో కాదో తర్వాత తేలుస్తామని, ఈలోగా వినియోగదారులు అడ్డంకి వల్లనే పోయారనడానికి ఆధారం లేకపోగా ఫిర్యాదీ స్వయంగా దాఖలు చేసిన పత్రాలు అందుకు విరుద్ధంగా ఉన్నాయని అధికారి రాశాడు. ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ణి. న్యాయం జరగలేదని తెలిసీ తీర్పులో తప్పు పట్టలేకపోవడం తేలికైన విషయం కాదు.

"ఉరితాడు మనమే పేని, కొలత సరిచూసి మరీ ఇచ్చొచ్చాం" అన్నాడు బావమరిది ఇంటికి రాగానే. "మూడువందల పద్దెనిమిది పోగులు!"

"నోర్ముయ్యరా" అంది అక్క. "సస్పెన్షన్లో ఉన్న నాలుగు నెలలూ ఈ మనిషి ఎలా ఉన్నాడో నువ్వు చూళ్లేదు. ఆ సంతకాలు తీసుకోకపోతే ఒక్క ఇంటి తీగ ముట్టుకునేవాడా?"

లైనాయన ఇస్త్రీ చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలించి, పాత చొక్కా వేసుకుని, ఎక్కడో నెట్టు పోయిందంటే బాగుచేయడానికి వెళ్లాడు.

తర్వాత లైనాయన, బావమరిది, నేను ఇల్లిల్లూ తిరిగాం. 'డక్టు మూసేస్తామన్నారు, అందుకే మారాం' అని ఇప్పుడైనా రాసిస్తే చాలు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చారు, అయ్యో అన్నారు. కాగితం బయటికి తీసేసరికి మాట మారేది. "మొన్న ఒకటి రాసి ఇవాళ ఇంకొకటి రాస్తే మమ్మల్ని ఏమంటారండీ?" అని ఒకరు. "మా ఆయన్ని అడగాలి" అని మరొకరు. ఆ ఆయన లోపలి గదిలోనే ఉన్నాడు. చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. నెలరోజులు తిరిగితే ఏడుగురు రాసిచ్చారు. వాళ్లను మెచ్చుకోవాలి. మిగిలినవాళ్లను నిందించను. సంతకం పెట్టి మాట మార్చడం ఎంత కష్టమో నాకు తెలుసు.

విచారణ పద్నాలుగు నెలలు నడిచింది. చివరి భవనానికి కూడా ఉచిత ఆరు నెలలూ అయిపోయాక కంపెనీ ధర పెంచింది, మరో నాలుగు నెలలకు మళ్లీ పెంచింది. ఈలోగా డక్టుల్లో పని ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. రోజూ పొద్దున్నే వాళ్ల బండి వచ్చేది, నారింజ రంగు గొట్టాల చుట్టలు దింపేవారు. లైనాయన ఇళ్లు రెండువందల తొంభై నుంచి నూట పదికి, తర్వాత డెబ్బైకి దిగాయి. ఆవిడ బల్ల దగ్గర కూర్చునే ఉండేది గాని, చేతిలోకి అల్లిక వచ్చింది.

చివరి ఉత్తర్వు ఇరవై రెండు పేజీలు. ఆయన ముందు గదిలోనే చదివి వినిపించాను. ఏడేళ్ల షరతు చెల్లదు. పోటీని అడ్డుకునే ఒప్పందాలు చేసుకోవద్దని కంపెనీకి హెచ్చరిక. పదకొండు భవనాల డక్టులూ ముప్పై రోజుల్లో తెరవాలి, ఉన్న చోటు మేరకు ఫిర్యాదీ తీగలు వేసుకోవచ్చు. పోయిన వినియోగదారుల విషయంలో మాత్రం ఏమీ చేయలేం. ఏడుగురి మాట ఒకవైపు, మూడువందల పద్దెనిమిది కాగితాలు మరోవైపు.

"గెలిచామా సార్?" అన్నాడు.

"ముప్పావు వంతు."

ఆయన ముఖంలో చాలా నెలల తర్వాత కాస్త కళ వచ్చింది. మర్నాడే బావమరిదిని, నిచ్చెనను, కొత్త తీగ చుట్టను తీసుకుని మా భవనానికి వచ్చాడు. కార్యదర్శి ఎదురొచ్చి తాళంచెవి తనే చేతిలో పెట్టాడు. "ఏం అనుకోకండి, అప్పట్లో..." అని ఏదో అనబోతే, "అవన్నీ ఎందుకులెండి" అని లైనాయన మెట్లెక్కాడు. నేనూ వెంట వెళ్లాను.

మొదటి అంతస్తులో తలుపు తీశాడు. లోపల నారింజ రంగు తప్ప మరేమీ కనిపించలేదు. గొట్టం పక్కన గొట్టం, వరస మీద వరస, క్లిప్పులతో గోడ నుంచి గోడ దాకా బిగించి ఉన్నాయి. లైనాయన చూపుడు వేలు రెండు గొట్టాల మధ్య పెట్టి నొక్కాడు. గోరు దాకా వెళ్లి ఆగింది.

"చీమ దూరాలన్నా వరసలో నిలబడాల్సిందే" అన్నాడు బావమరిది, టార్చి వేస్తూ.

రెండో అంతస్తు, మూడో అంతస్తు, అయిదో అంతస్తు దాకా ప్రతి తలుపూ తీసి చూశాడు. తర్వాత మిగతా రెండు బ్లాకులూ. ఎక్కడా తొందరపడలేదు. ప్రతిచోటా వేలు పెట్టి చూశాడు. చివరి తలుపు దగ్గర ఒక గొట్టాన్ని వేలితో కొట్టాడు. బోలుగా మోగింది. పక్కదాన్ని కొట్టాడు. అదీ అంతే.

"సగానికి పైగా ఖాళీ గొట్టాలే సార్. లోపల తీగే లేదు."

"చోటు మింగడానికి వేసినవి. దీనిమీద మళ్లీ ఫిర్యాదు చేయవచ్చు. ఈసారి బలమైన కేసు" అన్నాను.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"పది నెలలు. ఏడాది కావచ్చు."

ఆయన నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. "ఇప్పుడు మిగిలింది యాభై నాలుగు ఇళ్లు. యాభైకి తగ్గితే నెట్టు ఇవ్వనని టోకువాళ్లు ఉత్తరం రాశారు. మీరు రాస్తే నేను వేలిముద్రైనా వేస్తాను సార్. కానీ గెలిచిన రోజు డక్టులో వెయ్యడానికి చేతిలో తీగ ఉండాలి, ఆ తీగలో నెట్టు ఉండాలి. లేకపోతే ఎవరికోసం గెలిచినట్టు?"

తీగ చుట్టను బావమరిది భుజానికెత్తుకున్నాడు. ఆరోజు బావతో వాదించలేదు.

ఆపేస్తానని లైనాయన వారం తర్వాత చెప్పాడు. యాభై నాలుగు ఇళ్లకూ తనే వెళ్లి తేదీ చెప్పి, ఈలోగా వేరే కనెక్షను చూసుకోమన్నాడు. ఒకాయన కసురుకున్నాడట: "ఇన్నాళ్లూ నిన్నే నమ్ముకుని ఉన్నాం, ఇప్పుడు నడిమధ్యలో వదిలేస్తావా?" ఆ మాట లైనాయన నాకు రెండుసార్లు చెప్పాడు.

చెప్పిన తేదీన ఉదయం పదకొండింటికి నేను వాళ్లింట్లో ఉన్నాను. రమ్మని ఎవరూ పిలవలేదు, వెళ్లాలనిపించింది. అప్పటికి అన్ని ఇళ్లూ మారిపోయాయో లేదో తెరమీద ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత మిషను వెనక్కి వంగి స్విచ్చి నొక్కాడు. పదిహేడేళ్లుగా ఆ గదిలో తిరుగుతున్న ఫ్యానుల హోరు మెల్లగా సన్నబడి ఆగిపోయింది. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

లోపల్నుంచి ఆవిడ అలవాటుగా కేకేసింది: "ఏమండీ, కరెంటు పోయిందా?"

"లేదు" అన్నాడు లైనాయన.